కోర్టు విడాకులిచ్చింది, చర్చి మళ్లీ పెళ్లి చేయాలా?

(వాదులిద్దరు: తిరుపతిలో ఒక లూథరన్ పాస్టరు, చిత్తూరు కోర్టులో కుటుంబ కేసులు వాదించే న్యాయవాది.)

పాస్టరు: మార్కు 10లోనూ లూకా 16లోనూ ప్రభువు మాట ఒకటే. విడనాడి ఇంకొకరిని చేసుకుంటే వ్యభిచారం. మత్తయి మాత్రం వ్యభిచార కారణాన్ని మినహాయించాడు. పౌలు ఇంకొకటి చేర్చాడు: మొదటి కొరింథీ 7:15, అవిశ్వాసి ఎడబాస్తే మిగిలినవారికి నిర్బంధం లేదు. ఈ రెండూ దాటి నేను పోలేనమ్మా.

న్యాయవాది: మరి కొట్టే మొగుడు ఏ వచనంలోకి వస్తాడు అయ్యగారూ? క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టమూ మీ మాదిరే ఉండేది. మొగుడికి భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు. భార్య అయితే దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్ల పరిత్యాగమో కూడా రుజువు చేయాలి. 2001 సవరణతో ఆ తేడా పోయింది. ఇప్పుడు సెక్షన్ 10లో క్రూరత్వం ఒక్కటే చాలు, ఇద్దరికీ ఒకే లెక్క.

పాస్టరు: దెబ్బలు తింటూ ఉండమని నేనెవరికీ చెప్పను. మొదటి కొరింథీ 7లోనే 11వ వచనం చూడండి: ఎడబాస్తే పెళ్లి లేకుండా ఉండాలి, లేదా సమాధానపడాలి. మీ చట్టంలోనూ సెక్షన్ 22 కింద న్యాయిక వేర్పాటు, అంటే పెళ్లి రద్దు కాకుండానే కోర్టు ఉత్తర్వుతో వేరుగా ఉండడం, ఉంది కదా, అది తీసుకోమనండి.

న్యాయవాది: పాతికేళ్ల పిల్లను బతికినన్నాళ్లూ అట్లాగే ఉండమంటారా? ఎడబాయడమంటే గడప దాటడం ఒక్కటేనా? బయటికొచ్చింది ఆమే, కాపురం వదిలేసింది మాత్రం తన్నినవాడు.

పాస్టరు: వాడు అవిశ్వాసి కాదే. బాప్తిస్మం తీసుకున్నవాడు.

న్యాయవాది: అయితే మత్తయి 18 తీయండి. తప్పు చేసినవాణ్ణి ముందు ఒంటరిగా, తర్వాత ఇద్దరు ముగ్గురు సాక్షులతో, ఆపైన సంఘం ముందు గద్దించాలి. అప్పటికీ వినకుంటే అన్యుడిగా ఎంచాలి. ఆ మూడు మెట్లూ మీరు ఎక్కితే వాడు అవిశ్వాసి లెక్కలోకే వస్తాడు, మీరు చెప్పిన కొరింథీ 7:15 ఆమెకు వర్తిస్తుంది. ఎక్కారా?

పాస్టరు: చాలాచోట్ల మొదటి మెట్టు దగ్గరే ఆగుతారు, వాడు సంఘపెద్ద కొడుకైతే అదీ ఉండదు. మూడూ ఎక్కిన కేసైతే నేను పెళ్లి జరిపిస్తా. కానీ అదే చట్టంలో సెక్షన్ 10ఏ, ఇద్దరి ఒప్పుదలతో విడాకులు, దాని మాటేమిటి? రెండేళ్లు వేరుగా ఉండి ఇద్దరూ కలిసి పిటిషన్ వేస్తారు. ఆరు నెలలు దాటాక, పద్దెనిమిది నెలల్లోపు మళ్లీ వచ్చి అవునంటే డిక్రీ. ఎవరి తప్పూ తేలదు. ఏ వాక్యం చదివి పెళ్లి ప్రకటన చేయమంటారు?

న్యాయవాది: అది మీ మనస్సాక్షికే వదిలేస్తా. నా గోడు స్టాంపు కాగితం విడాకుల గురించి. పెద్దమనుషులు, ఒక్కోసారి పాస్టర్లు కూడా, సంతకాలు పెట్టేస్తారు. అది చెల్లదు. దాన్ని నమ్మి రెండో పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద ఏడేళ్ల దాకా జైలు, మొదటి పెళ్లి దాచిపెడితే పదేళ్ల దాకా. కథోలికులకూ తప్పదు: చర్చి ట్రిబ్యునల్ పెళ్లి రద్దు చేసినా కోర్టు డిక్రీ ఉండాల్సిందేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది.

పాస్టరు: అందుకే మేం డిక్రీ సర్టిఫైడ్ కాపీ అడుగుతాం.

న్యాయవాది: చాలదు. విడాకుల చట్టం సెక్షన్ 57 ప్రకారం అప్పీలు గడువు ముగిసిందా, అప్పీలు వేసి ఉంటే కొట్టేశారా, చూసుకోవాలి. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే అవతలివాళ్లు కోర్టుకు రాకుండానే ఇచ్చింది, అయితే ఇంకా జాగ్రత్త, నోటీసే అందలేదని అవతలివాళ్లు తిరగదోడొచ్చు. ఏ చట్టం కింద వేశారో కూడా చూడండి. పెళ్లి చర్చిలో, కుల ధ్రువపత్రంలో హిందూ. క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల వచ్చిన చిక్కిది. హిందూ వివాహ చట్టం కింద వేస్తే అవతలి వకీలు మీ పెళ్లి రిజిస్టరు తెప్పించి, ఈ చట్టం వర్తించదంటాడు.

(ఈ చిక్కు గురించి సంఘాల్లో ఎవరూ పైకి మాట్లాడరు.)

పాస్టరు: అవన్నీ సరిగా ఉన్నా, 10ఏ డిక్రీతో వచ్చినవారికి నేను చేయను.

న్యాయవాది: 10ఏ కింద వచ్చేవాళ్లలో దెబ్బలు తిన్నవాళ్లూ ఉంటారు అయ్యగారూ. బోనెక్కి చెప్పుకోలేక ఒప్పుదలకు సంతకం పెడతారు. డిక్రీలో ఆ కారణం ఎక్కదు.

పాస్టరు: అట్లయితే ఆమెను అడుగుతా. కానీ రెండోవైపూ వినాలి.

న్యాయవాది: వినండి. ఇద్దర్నీ ఒకే గదిలో మాత్రం కూర్చోబెట్టొద్దు.