పాలరాతి చార గారికి, భోగి నాటి బీటల గురించి

మహారాజశ్రీ పాలరాతి చార గారి దివ్యసముఖానికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమంగా లేను. తమరు క్షేమంగానే ఉంటారు. కోట్ల ఏళ్లు కొండ కడుపులో పడుకున్నవారికి నా మూడు వారాల నడుంనొప్పి ఒక లెక్కా?

సంగతి తమకు ఈపాటికి చేరే ఉంటుంది. మొన్న భోగి సాయంత్రం మా ఇంట్లో బొమ్మల కొలువు పేరంటం. మూడో మెట్టు మీద నేను చేసిన బుల్లి మండపం, పాలరాతి నేల నకలుతో. నేల 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల లోతు. 1:24 స్కేలు కాబట్టి అసలు కొలతల్లో 24 అడుగులు, 16 అడుగులు. రెండడుగుల పలక సరిగ్గా అంగుళమవుతుంది. అలాంటివి 96, సన్‌బోర్డు అనే తేలికపాటి ఫోమ్ అట్టలోంచి కోసి, ఒక్కోదాని మీదా తమరిని గీశాను. కిందింటి పిన్నిగారు కాళ్లకు పసుపు రాయించుకుని, తాంబూలం, శనగలు అందుకుని, వంగి, కళ్లజోడు సర్దుకుని, "అయ్యయ్యో, నేలంతా బీటలు వారిందేమే అమ్మాయ్!" అన్నారు.

అంతటితో ఆపలేదు. వాళ్ల తమ్ముడి కొత్త ఫ్లాట్లోనూ అచ్చం ఇలాగే అయిందట, బిల్డరు మీద కేసు వేశారట. వెనకున్న ఇంకొకావిడ పుట్టీ పెడితే పోతుందని చెప్పింది. మా ఆవిడ నా వైపు తిరగలేదు. నవ్వు ఆపుకుంటోందని వీపు చూస్తేనే తెలిసిపోయింది.

తమరి విషయంలో నేను చేసిన లోపమేమిటో సెలవివ్వండి. ముందు బూడిద రంగు ప్రైమరు కొట్టాను. దాని మీద తెలుపు, అదీ సున్నం కొట్టినట్టు కాకుండా చుక్క పసుపుమట్టి రంగు కలిపి. తర్వాత గిన్నెలు తోమే స్పాంజిని చింపి (కత్తెరతో కోస్తే అంచు ముద్ర పడుతుంది, ఈ జ్ఞానానికి ఐదు పలకలు ఖర్చయ్యాయి) పల్చటి బూడిద రంగు మబ్బుల్లా అద్దాను. ఆ మబ్బు ఆరకముందే 000 నంబరు బ్రష్షుతో తమరు. గీసీగీయగానే తడి బ్రష్షుతో ఒక పక్క అంచును నలిపాను. పైన నీళ్లలాంటి తెలుపు ఒక పూత, తమరు రాతి లోపలెక్కడో ఉన్నట్టు కనబడాలని. దాని మీద మళ్లీ రెండు సన్న గీతలు. ఆఖరున మెరుపు వార్నిషు. వార్నిషు తడిగా ఉండగా ఒక దోమ వచ్చి వాలింది. సున్నపురాయి పాలరాయిగా మారేటప్పుడు అందులోని శిలాజాలు చాలావరకు చెరిగిపోతాయట. నా దోమ మాత్రం రెక్కలతో సహా పదిలంగా ఉంది.

పది నిమిషాల్లో పాలరాయి అని ఒక వీడియో ఉంది. ఆ పది నిమిషాల్లో ఆయన చొక్కా రంగు మూడు సార్లు మారింది. తడి టిష్యూను చిరుగులు పడేదాకా సాగదీసి, దాని మీదుగా ఎయిర్‌బ్రష్‌తో రంగు చిమ్మితే చారలు వాటంతటవే వస్తాయని ఇంకొకాయన చెప్పాడు. కొట్టాను. సాలెగూడు వచ్చింది. పండగ ముందు ఇంట్లో బూజు దులుపుతుంటే నేను బూజు గీస్తున్నానని మా ఆవిడ అంది.

ఇవన్నీ పోనిద్దును. అసలు గొడవ నా చేతితో. ఇష్టమొచ్చినట్టు గీయరా అంటే దానికి ఇష్టమైన గీత ఒక్కటే. పైన ఎడమ మూల నుంచి బయల్దేరి, మూడో వంతు దూరం వెళ్లాక వంగి, అక్కడ ఒక కొమ్మ వేస్తుంది. పది పలకలయ్యాక పక్కపక్కన పేర్చి చూస్తే పాలరాయి కనబడలేదు, బ్యాంకు చెక్కుల మీద పెట్టే నా సంతకం కనబడింది. ఎడమ చేత్తో గీశాను. కళ్లు మూసుకుని గీశాను. ఈకతో గీస్తే చార వణుకుతూ సహజంగా వస్తుందని పాత పనివాళ్ల మాట. చికెన్ కొట్టుకెళ్లి ఒక ఈక అడిగాను. ఎందుకన్నా అన్నాడు. పాలరాయికి అన్నాను. అబ్బాయి ఇంకేం మాట్లాడకుండా గుప్పెడు ఈకలు కవర్లో వేసిచ్చి ఒక అడుగు వెనక్కి వేశాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

ఒక చార ఇంకో చారను కూడిక గుర్తులా దాటకూడదని తమరి రాజ్యాంగంలో మొదటి నియమం. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠగా చీలినట్టు విడిపోవాలి. సరే అని గోదావరిని తలుచుకుని గీస్తే కోనసీమ తయారైంది. మా అబ్బాయి అందులో అమలాపురం ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు.

పోనీ తమరేమైనా కష్టపడి పుట్టారా? సున్నపురాయి భూమి లోపల వేడికీ ఒత్తిడికీ నలిగి కొత్త స్ఫటికాలుగా మారుతుంటే, అందులో ఇరుక్కున్న బంకమట్టో, ఇనుమో, గ్రాఫైటో ఎటు తోస్తే అటు సాగింది. ఆ సాగిన మురికి పేరే తమరు. అది దండిగా, లావుగా ఉన్న రాయికి షాపులో రేటెక్కువ, పేరు కలకట్టా. మా వైపు టైల్స్ షాపుల్లో దాన్ని కలకత్తా మార్బుల్ అనేస్తారు. వచ్చేది ఇటలీలో కరారా కొండల నుంచి. అసలు కలకత్తాలో ఉన్న విక్టోరియా మెమోరియల్‌కి వాడింది రాజస్థాన్ మక్రానా రాయి. ఎవరి ఊరు ఎవరిదో తేల్చుకోలేని జాతి మీది!

సైజు విషయంలో కూడా తమరు నన్ను బతకనివ్వలేదు. ఎంత ఊపిరి బిగబట్టినా నా గీత అర మిల్లీమీటరు వచ్చేది. 24తో హెచ్చవేస్తే 12 మిల్లీమీటర్లు, ఇంచుమించు చిటికెన వేలంత. సన్నంగా కావాలని నెత్తిమీద వెంట్రుక ఒకటి పీకి పలక మీద పెట్టి చూశాను. అదీ స్కేలు ప్రకారం దాదాపు 2 మిల్లీమీటర్లు అవుతుంది. 96 పలకలకు సరిపడా వెంట్రుకలు నా దగ్గర లేవు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

అప్పుడే మా హాలు నేల గుర్తొచ్చింది. మాది మామూలు విట్రిఫైడ్ టైలు, పైన పాలరాతి బొమ్మ అచ్చేసినది. నమూనా ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతకడమెందుకని, పుస్తకం, పెన్సిలు పట్టుకుని ఒక ఆదివారం మధ్యాహ్నమంతా హాల్లో నాలుగు కాళ్ల మీద పాకాను. సోఫా కింద ఒక చార కుక్క కూర్చున్నట్టుంది. భలే ఉందని దించుకున్నాను. వంటింటి గుమ్మం దగ్గర అదే కుక్క. టీవీ కింద తలకిందులుగా అదే కుక్క. లెక్క తేల్చాను. హాలు మొత్తానికి ఉన్నవి ఆరే బొమ్మలు, తిప్పి తిప్పి పరిచారు.

ఇక 'గారు', 'తమరు' నా వల్ల కాదు. ఒరేయ్ చారా, అంత పెద్ద ఫ్యాక్టరీ, అన్ని మిషన్లు పెట్టుకుని ఆరు చారలతో సరిపెట్టేసిందిరా! నేను 96 గీశాను. చేత్తో గీశాను. ఆ ఫ్యాక్టరీ వాడి చారలు నా బొటనవేలంత లావున్నాయి. పిన్నిగారు గుమ్మంలో చెప్పులు విప్పి, ఆ హాలు మొత్తం నడిచే కదరా నా మండపం దాకా వచ్చింది! కుక్క మీద నుంచే వచ్చింది! ఒక్కసారైనా కిందికి చూసి బీటలు వారిందేమే అందా? వాడు అచ్చేస్తే పాలరాయి, నేను గీస్తే పగులా? రోమన్ల కాలం నాటి పాంపే గోడల మీద గచ్చుకు రంగేసి పాలరాయి అనిపించారు. క్రీ.శ. 79లో వెసూవియస్ ఊరినే పూడ్చేసినా ఆ నకిలీ రాయిని జనం ఇప్పటికీ టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి చూస్తున్నారు. నాది రెండు గుగ్గిళ్లు నమిలేంతసేపు నిలబడలేదు. నీకంటే మా ఒంగోలు దగ్గరి చీమకుర్తి నల్ల గ్రానైటు వెయ్యి రెట్లు నయం. నల్లటి నేల మీద బంగారు చుక్కలు. పాత టూత్‌బ్రష్షుకు రంగు అద్ది బొటనవేలితో రాస్తే ఐదు నిమిషాల పని. బేతంచర్ల బండ ఇంకా నయం, ఒక్క రంగు కొట్టి పడుకోవచ్చు. నిన్నే కోరుకున్నాను చూడు, నాకుండాలి బుద్ధి.

సంక్రాంతి నాడు పొంగలి తినేసి ఎవరికీ చెప్పకుండా బిర్లా మందిర్‌కి వెళ్లాను. నౌబత్ పహాడ్ మీద 2,000 టన్నుల రాజస్థాన్ తెల్లరాయి, 1976 నుంచి ఎండకీ వానకీ నిలబడి ఉంది. అంతమందిలో ఒక్క అసలు చార దొరక్కపోతుందా అని. ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి కళ్లతోనే ఫొటో తీసుకోవాలి. వరుసలో అందరూ స్వామి వైపు చూస్తుంటే నేను గోడ వైపు చూశాను. వెనక పెద్దాయన "కళ్లు తిరుగుతున్నాయా బాబూ, కూర్చుంటావా?" అన్నాడు. అవునని కూర్చుని, గోడకు ముక్కు ఆనించినంత పని చేశాను. ఉన్నావు. లేత బూడిద రంగులో, పాలలో నీళ్లు కలిసే ముందు కనబడే పొరలా ఉన్నావు. లేచి పది పెద్ద అంగలు వెనక్కి వేశాను. లేవు. ఒట్టి తెలుపు.

తిరుగు బస్సులో లెక్క వేసుకున్నాను. మండపాన్ని మనం చూసేది అడుగు దూరం నుంచి. 1:24లో అది 24 అడుగులు. అంత దూరం నుంచి కనబడని నిన్ను నేను మూడు వారాలు గీశాను. ఉన్నావో లేవో తెలియని మబ్బు ఒకటి అద్ది ఊరుకుంటే సరిపోయేది.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. నేను కదిలాను. పొద్దున్నే కూర్చుని 12 కొత్త పలకలు, నువ్వు లేకుండా, మబ్బు మాత్రం పెట్టి తయారుచేశాను. మధ్యాహ్నానికి ముందు వరసలోని పాతవి ఊడబీకి వాటిని అతికించాను. అడుగు దూరంలో నిలబడి చూస్తే బిర్లా మందిర్ మెట్టెక్కినట్టే ఉంది. సాయంత్రం పిన్నిగారు మళ్లీ వచ్చారు. వంగారు. కళ్లజోడు సర్దుకున్నారు. "పాపం, ఈ వరసకి రంగు అందలేదా అల్లుడూ?"

నిన్ను గీస్తే బీట, గీయకపోతే బాకీ. నీతో ఎలా వేగేది?

ఒక మాట చెప్పి ముగిస్తాను. వెనక వరసలో, కొండపల్లి అంబారీ ఏనుగు కింద, ఒక పలక ఉంది. దాన్ని గీస్తున్నప్పుడు పోపు ఘాటుకి తుమ్మొచ్చింది. బ్రష్షు ఒక్కసారి అదిరి, గీత సగంలో మాయమై, కాస్త పక్కన మళ్లీ తేలింది. పాడైందని దాన్ని ఏనుగు కింద దాచాను. నిన్న రాత్రి అందరూ పడుకున్నాక టార్చి వేసి, ఏనుగును జరిపి చూశాను. అచ్చంగా నువ్వే. ఆ తర్వాత ఇంకో నాలుగు పలకల మీద కావాలని తుమ్మి చూశాను. రాలేదు.

ఇట్లు,
తమ విధేయుడు (కొలువు ఎత్తేదాకా)

తా.క. ఇప్పుడే బొమ్మలన్నీ పాత చీర ముక్కల్లో చుట్టి పెట్టెలో పెడుతున్నారు. ఊడబీకినవాటితో కలిపి పలకలు 108 ఉండాలి, లెక్క పెడితే 107 వస్తున్నాయని మా ఆవిడ సోఫా కిందంతా వెతుకుతోంది. అక్కడ కుక్క తప్ప ఏమీ దొరకదు. నా చొక్కా జేబు ఎవరూ చూడలేదు.