కృష్ణబిలానికో డూప్

కృష్ణబిలాలతో వచ్చిన చిక్కేమిటంటే, అవి బొత్తిగా సహకరించవు. వాటి నుంచి సన్నగా వేడి వెలువడాలని 1974లో స్టీఫెన్ హాకింగ్ లెక్క తేల్చాడు. సూర్యుడంత బరువున్న కృష్ణబిలానికి ఆ వేడి ఎంతయ్యా అంటే, ఒక కెల్విన్‌లో (పరమశూన్యం నుంచి లెక్కపెట్టే డిగ్రీ) కోటో వంతు కూడా లేదు. చుట్టూ ఆకాశమేమో 2.7 కెల్విన్ల దగ్గర హాయిగా ఉంది. అంటే కృష్ణబిలం మహానుభావుడు ఇచ్చేదాని కన్నా పుచ్చుకునేదే ఎక్కువ. ఇక కొలిచేదేముంది?

హీరో డేట్లు దొరక్కపోతే డూప్‌ని పెట్టుకోవాలి. 1981లో భౌతిక శాస్త్రవేత్త విలియం ఉన్రూ ఆ దారే చూపించాడు: ధ్వని కన్నా వేగంగా పారే ద్రవంలో శబ్దం ఎంత ఎదురీదినా వెనక్కి రాలేదు, కృష్ణబిలంలో కాంతిలాగే. కృష్ణబిలం చేసేదీ చుట్టూ ఉన్న స్థలాన్ని వంచడమేగా, పారే ద్రవంతో తంటా ఎందుకనుకున్న వాళ్లు నేలనే వంచారు. వంపు తిరిగిన తలం మీద పల్చని పారదర్శక పొర ఉంచి, అందులోకి లేజర్ వదిలితే, కాంతి బయటపడలేక ఆ వంపు వెంటే పాకుతుంది. బంతి మీద సమాంతరంగా బయల్దేరిన కిరణాలు కలుసుకుంటాయి, గుర్రపు జీను మీద ఎడమొహం పెడమొహం. 2018లో ఒక బృందం ఇందుకు బల్బు గాజునే వాడుకుంది. ఆ గాజు మందంలో కాంతి సహజంగా పట్టాల్సింది దగ్గరి దారి. వీళ్లు కిరణాన్ని ముందే మలిచి పంపితే అది ఆ దారి వదిలేసి పక్కకు తిరిగింది. విశ్వరహస్యం బల్బులోనే ఉందని తేలాక టెలిస్కోపులు ఇంకా ఎందుకో నాకర్థం కాదు.

అయితే పారితోషికం దగ్గర పేచీ ఉంది. కృష్ణబిలం చుట్టూ ఉండే స్థలాన్ని 1916లోనే లుడ్విగ్ ఫ్లామ్ అనే భౌతిక శాస్త్రవేత్త గరాటులాంటి ఆకారంగా చూపాడు. దాన్ని అచ్చంగా చెక్కినా వంగేది స్థలమే, కాలం కాదు. అసలు కృష్ణబిలం దగ్గరైతే గడియారం మెల్లగా నడవాలి. గరాటు అడుగున గడియారం పెట్టి చూడండి, పైనున్నదానితో సమానంగానే కొట్టుకుంటుంది. సూర్యుడి అంచును రాసుకుంటూ వచ్చే నక్షత్రకాంతి 1.75 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వంగుతుంది. 1919 సూర్యగ్రహణంలో ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ బృందం వెతికింది దీన్నే. అందులో సగం స్థలం వాటా, సగం కాలం వాటా. కనక ఫ్లామ్ గరాటు చేసేది సగం పనే. పోస్టర్ మీద మాత్రం ‘ల్యాబ్‌లో కృష్ణబిలం’ అని పూర్తి పేరు వేస్తారు.

ఈ అన్యాయానికీ విరుగుడు ఉందట. కాంతి మటుకు సరిగ్గా నడిస్తే చాలనుకుంటే, కాలం వాటాను కూడా వంపులోనే కలిపేసి వేరే గరాటు గీయొచ్చు. కాకపోతే ఆ లెక్కలో కృష్ణబిలం అంచు, అంటే దాటితే కాంతి కూడా తిరిగిరాని గీత, అనంత దూరానికి జరిగిపోతుంది. కనక టేబుల్ పొడవు పెంచేందుకు మరో విడత గ్రాంటు మంజూరు చేయాలని సవినయంగా మనవి.