మన్యం కొండల్లో గ్లాంపింగ్: ముందు భూమి సంగతి చూడండి

జనం పెద్దగా లేని కొండ భూముల్లో గ్లాంపింగ్ కోసం లగ్జరీ టెంట్లు వేస్తే మంచి ఆదాయం అంటూ మీరు రాసిన వ్యాసంలో మన్యంలోని లంబసింగి, వంజంగి పేర్లు కూడా ఉన్నాయి. కానీ అవి షెడ్యూల్డ్ ప్రాంతాలన్న మాట, అంటే గిరిజనుల రక్షణ కోసం ప్రత్యేకంగా ప్రకటించినవన్న మాట, అందులో ఎక్కడా లేదు. గిరిజన ప్రాంతాల భూమి చేతులు మారకుండా చూసే 1/70 చట్టం ప్రకారం అక్కడ భూమిని గిరిజనేతరులకు అమ్మితే చెల్లదు. అమ్మేది గిరిజనేతరుడే అయినా అంతే. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు అలాంటి ప్రాంతాల్లోని ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని చెప్పింది. ఇది తెలియక మా బాబాయి ఒకాయన స్థానికుడి పేరు మీద కాగితాలు రాయించుకుని అడ్వాన్సు మొత్తం పోగొట్టుకున్నాడు. రెండేళ్లు ఇంట్లో అందరికీ టెన్షనే.

వంజంగి అందం గురించి మీరు రాసింది మాత్రం నిజం. డిసెంబరులో చీకట్లోనే కొండెక్కి, కాళ్ల కింద పాలసముద్రంలా పరుచుకున్న మేఘాలు చూసి నోట మాట రాలేదు. మేమున్న టెంటు ఆ ఊరి కుర్రాడిదే. పొద్దున వాళ్లమ్మ వేడివేడిగా రాగి అంబలి ఇచ్చింది. మొహం కడుక్కోవడానికి బిందెతో తెచ్చిన ఊట నీళ్లే దిక్కు. అలాంటి చోట మీరు రాసినట్టు ప్రతి టెంటుకీ బాత్‌టబ్ అంటే ఆ నీళ్లు ఎవరి బిందెలోంచి వస్తాయి? వేసవిలో ఊరివాళ్లు ఏం తాగుతారు?

డబ్బు పెట్టాలన్న ఆసక్తి ఉన్నవాళ్లు భూమి జోలికి పోకుండా, టెంట్లు నడుపుకుంటున్న ఆ ఊరి కుర్రాళ్లకే సాయం చేయవచ్చు కదండీ. మంచి టెంట్లు, శుభ్రమైన మరుగుదొడ్లు, చెత్త కిందికి దించే ఏర్పాటు, ఆన్‌లైన్ బుకింగ్ నేర్పించడం... వాళ్లకు ఇప్పుడు కావలసింది ఇవే.