బండికి సామాను కొనే ముందు నేల చూడండి

కొత్తగా ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఇంటికి రాగానే సామాన్ల జాబితా మొదలవుతుంది: మూడు అంగుళాల లిఫ్ట్ (బండిని ఎత్తు పెంచే సామాను), మడ్ టైర్లు (బురద కోసం పెద్ద గట్లున్నవి), ముందు వించ్ (తాడు చుట్టుకుంటూ బండిని లాగే మోటారు), పైకప్పు మీద టెంటు, పక్కన స్నార్కెల్ (ఇంజనుకు పైనుంచి గాలి అందించే గొట్టం). యూటా రాళ్లలోనో ఆస్ట్రేలియా ఎడారిలోనో తీసిన వీడియోలు చూసి రాసుకున్న జాబితా ఇది. దాన్నే డాలస్‌లో ఉన్న తెలుగువాళ్లూ, న్యూజెర్సీలో ఉన్నవాళ్లూ, దుబాయ్‌లో ఉన్నవాళ్లూ పట్టుకుని తిరుగుతున్నారు. బండికి ఏం బిగించాలో, ఏ నెలలో బయటికి వెళ్లాలో మీరుంటున్న చోటును బట్టి తేలాలి. చుట్టూ ఉన్న నేల ఎవరిది, అది ఎలాంటి మట్టి, ఏడాదిలో ఎప్పుడు నడవనిస్తుంది అన్నది తెలియకుండా పెట్టే ఖర్చు చాలావరకు దండగ. కొన్నిచోట్ల అది ప్రాణం మీదికి తెస్తుంది.

నేల ఎవరిదన్నదే మొదటి ప్రశ్న. నెవాడాలో దాదాపు 80 శాతం, యూటాలో 60 శాతానికి పైగా భూమి ఫెడరల్ ప్రభుత్వానిది. అక్కడ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ఫెడరల్ శాఖ చూసే భూముల్లో చాలాచోట్ల రుసుం లేకుండా టెంటు వేసుకోవచ్చు. ఒకే చోట ఉండే గడువు మామూలుగా 14 రోజులు. టెక్సస్‌లో ఫెడరల్ భూమి 2 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. కంచె అవతల కనిపించే మట్టిదారి ఎవరిదో ఒకరి సొంతం. కాబట్టి అక్కడున్నవాళ్లకు మిగిలేవి డబ్బు కట్టి వెళ్లే ప్రైవేటు పార్కులు, సముద్రతీరం, లేదా పక్క రాష్ట్రం. నేషనల్ ఫారెస్టుల్లో అయితే మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ అని ఉచితంగా ఇస్తారు. ఆ మ్యాప్‌లో లేని దారి, ముందు బోర్డు లేకపోయినా, గేటు తెరిచే ఉన్నా, బండ్లకు మూసినట్టే లెక్క. ఫోన్‌లోని మామూలు మ్యాప్‌లో గీత కనిపించిందని లోపలికి పోయి జరిమానా కట్టేవాళ్లు చేసే పొరపాటు ఇదే.

ఇంగ్లండ్, వేల్స్‌లో లెక్క వేరు. అక్కడ ‘బైవే ఓపెన్ టు ఆల్ ట్రాఫిక్’ అని నమోదైన పాత దారుల్లో బండి నడపొచ్చు. నమోదు కాని చాలా దారుల మీద మోటారు బండ్లకున్న హక్కును 2006 చట్టం తీసేసింది. స్కాట్లండ్‌లో కొండాకోనా తిరిగే హక్కు అందరికీ ఉంది గానీ, అది నడకకు, సైకిలుకు, గుర్రానికి, ఇంజనుకు కాదు. అలాంటి చోట్ల బండిని నడకదారి మొదటి దాకా చేర్చే వాహనంగా చూసి, ఆ డబ్బు మంచి బూట్ల మీద, వానకోట్ల మీద పెట్టడమే మేలు.

నేల దూరమైన కొద్దీ బండి తీరు మారాలి. ట్రైల్ (బండి తిరిగే మట్టిదారి) చేరడానికి ఆరేడు గంటలు హైవే మీద పోవాల్సినవాళ్లకు మడ్ టైర్లు రోత. మైలేజీ పడిపోతుంది, తడిరోడ్డు మీద బ్రేకు తొక్కాక బండి ఆగే దూరం పెరుగుతుంది, చెవులు హోరెత్తుతాయి. రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు చాలు. పైకప్పు టెంటు ఒక్కటే 55 నుంచి 80 కిలోలు తూగుతుంది. బండి నడిచేటప్పుడు పైకప్పు ఎంత మోయగలదో మాన్యువల్‌లో చూడకుండా బిగించకూడదు. అంత బరువు పైన ఉంటే పక్కవాలులో బండి బోల్తా పడే కోణం తగ్గిపోతుంది.

ఇక మట్టి దగ్గరికి వద్దాం. అసలు తేడా అంతా ఇక్కడే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఇసుకే లోకం. ఇసుకలో లిఫ్ట్ కన్నా, లాకర్ల (రెండు వైపుల చక్రాలనూ కలిపి తిప్పే పరికరాల) కన్నా పనికొచ్చేది టైర్లలో గాలి తీయడం. రోడ్డు మీద టైరు ఒత్తిడి 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉంటే ఇసుక మొదలయ్యే చోటే ఆగి 15 నుంచి 18కి దించాలి. గాలి తగ్గినప్పుడు టైరు నేలను తాకే మేర ముఖ్యంగా పొడవునా పెరుగుతుంది. బరువు పరుచుకుని బండి ఇసుక మీద తేలుతుంది. 15 కన్నా దిగితే స్టీరింగ్ చప్పున తిప్పకూడదు, టైరు అంచు రిమ్ము నుంచి ఊడొస్తుంది. మడ్ టైర్ల పెద్ద గట్లు ఇసుకను తవ్వి చక్రాన్ని పాతేస్తాయి. ఆగాలంటే బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటర్ వదిలేస్తే ఇసుకే ఆపుతుంది. బ్రేకు తొక్కితే చక్రాల ముందు ఇసుక కుప్ప పడి, మళ్లీ కదలడం కష్టమవుతుంది. చక్రం జారడం మొదలైతే ఇంకా తొక్కి గొయ్యి చేసుకోకుండా, వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి రావాలి. దిబ్బను ఎక్కినా దిగినా పక్కకు తిరగకుండా నేరుగానే. గాలి వచ్చే వైపు వాలు మెల్లగా ఉంటుంది, అవతలి వైపు ఇసుక జారే ముఖం దాదాపు 34 డిగ్రీలు ఉంటుంది. శిఖరం అవతల ఏముందో చూడకుండా వేగంగా దాటితే బండి ముక్కు నేలకు గుద్దుకుంటుంది. వాలు మధ్యలో అడ్డంగా తిప్పితే దొర్లుతుంది. తెల్లవారుజామున ఇసుక చల్లగా, కాస్త చెమ్మగా, గట్టిగా ఉంటుంది. మధ్యాహ్నానికి అదే దిబ్బ వదులైపోతుంది.

గల్ఫ్ తీరాల్లో ఇసుక కన్నా భయపడాల్సింది సబ్‌ఖా. పైన ఉప్పు పొర ఎండి గట్టి మైదానంలా కనిపిస్తుంది, కింద నీళ్లు పట్టిన మెత్తటి బురద. పొర పగిలితే బండి యాక్సిల్ దాకా దిగుతుంది. గాలి తీసినా పెద్దగా లాభం ఉండదు. ఇంతకుముందు బండ్లు పోయిన జాడ వదలకపోవడం ఒక్కటే ఉపాయం. ఇక్కడే వించ్ గురించి ఆలోచించాలి. వించ్‌కు పట్టు కావాలి, ఎడారిలో చెట్టు ఉండదు. స్పేర్ టైరును పాతిపెట్టి దానికి తాడు కట్టడం చేయొచ్చు గానీ, గంటల తరబడి తవ్వాలి. పైగా వించ్, దాన్ని మోసే ఉక్కు బంపర్ కలిసి ముందు చక్రాల మీద వేసే బరువు ఇసుకలో ముక్కును దించేస్తుంది. ఎడారివాళ్లు ఆ డబ్బుతో కంప్రెసర్, పొడవాటి పార, నాలుగు ట్రాక్షన్ బోర్డులు (కూరుకున్న చక్రం కింద పెట్టే పలకలు), ఒక కైనెటిక్ తాడు (సాగే లాగుడు తాడు) కొని, రెండో బండి లేకుండా బయల్దేరకుండా ఉంటే చాలు.

నల్లరేగడిలో ఈ పాఠం తలకిందులవుతుంది. టెక్సస్ నడుమ డాలస్ నుంచి శాన్ ఆంటోనియో వైపు సాగే బ్లాక్‌ల్యాండ్ నేల మనవాళ్లకు కొత్త కాదు. తడిస్తే ఉబ్బి, టైరు గట్ల మధ్య పిడచకట్టి, గట్లున్న టైరును నున్నటి టైరు చేస్తుంది. చక్రం వేగంగా తిరిగి మట్టిని విసిరేస్తేనే పట్టు వస్తుంది. మడ్ టైర్లకు అర్థం ఉన్న నేల ఇదే, వించ్‌కు కూడా, చెట్లుంటాయి కాబట్టి. వించ్ సామర్థ్యం నిండు బరువుతో ఉన్న బండికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. చెట్టుకు నేరుగా తాడు చుట్టకుండా మూడు అంగుళాల వెడల్పు పట్టీ వేయాలి, లేకపోతే బెరడు కోసుకుపోయి చెట్టు చస్తుంది. అన్నిటికన్నా మంచి పని వాన వెలిశాక రెండు మూడు రోజులు ఆగడం. తడిలో పోతే పడే గాడులు ఎండాక రాయిలా గట్టిపడతాయి, దారి మూసేయడానికి అవే కారణమవుతాయి.

నేల ఏదైనా లాగేటప్పుడు ఒక నియమం మారదు. టో హిచ్ బంతికి (బండి వెనక ట్రైలర్ తగిలించే ఉక్కు గుండుకు) తాడు తగిలించకూడదు. అది అలాంటి లాగుడుకు చేసింది కాదు. విరిగితే తూటాలా ఎగురుతుంది, మనుషులు చనిపోయారు. మోయగల బరువు ముద్రించి ఉన్న షాకిల్స్ (తాడు తగిలించే ఉక్కు కొండీలు), ఛాసిస్‌కు బిగించిన రికవరీ పాయింట్లు (లాగడానికే చేసిన కొక్కేలు) మాత్రమే వాడాలి.

చలి రాష్ట్రాల్లో శత్రువు ఉప్పు. న్యూజెర్సీ నుంచి మిషిగన్ దాకా చలికాలం రోడ్లమీద చల్లే ఉప్పు ఫ్రేమును, బ్రేకు గొట్టాలను తినేస్తుంది. అక్కడ లిఫ్ట్‌కు పెట్టే డబ్బు ఏటా శరత్కాలంలో అడుగున లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే మైనం) పూతకు పెట్టడం మంచిది. సముద్రపు ఇసుకలో తిరిగినా ఇదే బాధ. ఆ సాయంత్రమే అడుగంతా మంచినీళ్లతో కడగాలి.

కొలరాడో కనుమల్లో గాలి పలచన. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకు దాదాపు 3 శాతం శక్తి కోల్పోతుంది. 12,000 అడుగుల మీద మూడో వంతు పోయినట్టే. ఎత్తుకు పోయేకొద్దీ గేజీలో టైరు ఒత్తిడి పెరిగి కనిపిస్తుంది, చలికి ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు ఒక పీఎస్‌ఐ పడిపోతుంది. గాలి కింద సరిచూసి వదిలేయకుండా పైకి చేరాక మళ్లీ కొలవాలి.

కుటుంబాలకు అసలు ఇబ్బంది కాలంతో వస్తుంది. పిల్లల సెలవులు జూన్ నుంచి ఆగస్టు దాకా. గల్ఫ్‌లోనూ అరిజోనా ఎడారిలోనూ బయట గడపకూడని నెలలు సరిగ్గా అవే. ఆస్ట్రేలియా సింప్సన్ ఎడారి పార్కునైతే డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఎండ వల్ల మూసేస్తారు, అక్కడి బడి సెలవుల్లోనే. సియాటిల్ చుట్టూ కొండదారుల్లో జూన్‌లో కూడా మంచు ఉండొచ్చు. అందుకే వేసవి సెలవులకు ఎత్తైన చోట్లు, ఎడారులకు చలికాలపు లాంగ్ వీకెండ్లు అని ముందే క్యాలెండర్‌లో విడగొట్టుకోవాలి. ఎడారిలో మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్ల నీళ్లు. ఎండిన వాగులో టెంటు వేయొద్దు. వాన ఎక్కడో కొండల్లో పడినా వరద అక్కడికి వస్తుంది. యూటా ఎడారిలో నల్లగా, గరుకుగా కనిపించే నేలపొర ప్రాణమున్నది. ఒక్క చక్రం తొక్కినా కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. కాలిఫోర్నియా ఫెడరల్ అడవుల్లో, ఏర్పాటు చేసిన క్యాంపుగ్రౌండ్ల బయట, గ్యాస్ స్టవ్ వెలిగించడానికి కూడా ఉచిత క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉండాలి. ఆస్ట్రేలియాలో స్పినిఫెక్స్ గడ్డి ఎగ్జాస్ట్ చుట్టూ పేరుకుని బండ్లు తగలబడిపోతాయి. ఆగిన ప్రతిచోటా కిందికి వంగి చూసి దులపాలి.

విదేశాల్లోని తెలుగు సంఘాల ప్రాంతీయ శాఖలకు ఒక సూచన. పిక్నిక్ స్థలం వెతికినంత శ్రద్ధగా, మీ ఊరి నుంచి నాలుగు గంటల దూరంలో బండి పోనిచ్చే దారులు, వాటి పర్మిట్లు, తెరిచి ఉండే నెలలు, అక్కడి మట్టికి సరైన టైరు ఒత్తిడి ఒక పేజీలో రాసిపెట్టండి. టెక్సస్ శాఖ పేజీలో పాడ్రే ఐలండ్ దక్షిణ తీరం ఉండాలి: 60 మైళ్ల ఇసుక, మొదటి ఐదు మైళ్లు దాటితే ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి. క్వీన్స్‌లాండ్ శాఖ పేజీలో కెగారీ (పాత పేరు ఫ్రేజర్ ఐలండ్) పర్మిట్, పోటుకు ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు తీరం మీదికి వెళ్లొద్దన్న మాట ఉండాలి. పర్మిట్లూ మూసివేత తేదీలూ మారుతుంటాయి కాబట్టి పేజీ అడుగున సరిచూసిన తేదీ వేసి, ఏటా ఒకరికి ఆ పని అప్పగించండి.