సభా క్యాంటీను గారికి ఒక నెల్లూరు రసికుడి మొర

మహారాజశ్రీ సభా క్యాంటీను గారి సముఖమునకు,

నెల్లూరు నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. చెన్నై సంగీత సభల్లో కచేరీలు జరిగే డిసెంబరు దగ్గర పడుతోంది కనుక తమరి క్షేమం గురించే మాకు బెంగ. ఈ ఏడాది వంట ఎవరిదో ఇంకా తెలియలేదు.

మేము చెన్నైకి సంగీతం కోసమే వస్తామని ఊళ్లో అందరికీ చెప్పుకుంటాము. 170 కిలోమీటర్ల పైచిలుకు రైలు ప్రయాణం, బంధువుల ఇంట్లో చాప మీద పడక, అంతా నాదోపాసనే అని నమ్మిస్తాము. నిజం మా బావగారి నోటు పుస్తకంలో ఉంది. ఎడమ పేజీలో పాడేవారి పేర్లు, కుడి పేజీలో క్యాంటీను పాడుకున్నవారి పేర్లు. (కాంట్రాక్టునైనా పాడుకోవడమే కదా మన భాషలో.) వంటవారు ఏటేటా సభలు మారుతుంటారు కనుక కుడి పేజీలోనే కొట్టివేతలు ఎక్కువ. గాయకులు ఎక్కడికీ పోరు, అందరూ అన్ని సభల్లోనూ పాడతారు. పాలతో వండే తమిళుల బెల్లం పొంగలి, అక్కారవడిశల్, మాత్రం అందరికీ కుదరదు.

మంచి తిండి ఎక్కడుందో ఎలా కనిపెడతారని తమరు అడగవచ్చు. ఫోనులో నక్షత్రాలు లెక్కపెట్టే అలవాటు మాకు లేదు. గేటు దగ్గర నిలబడి, చేయి కడుక్కుని బయటికి వస్తున్న పెద్దవాళ్ల ముఖాలు చూస్తాము. మాట్లాడుతూ వస్తే పర్వాలేదన్నమాట. ఎవరితోనూ మాట్లాడకుండా, పంచె అంచుతో చేయి తుడుచుకుంటూ నింపాదిగా వస్తే లోపలికి వెళ్లిపోవచ్చు.

పోయిన ఏడాది సంగతి చెబుతాను. సభ పేరు వద్దు. ఉదయపు కచేరీ. విదుషీమణి తోడి రాగం అరగంట ఆలపించి, త్యాగరాజ కీర్తన అందుకుని, నెరవు, స్వరకల్పన ముగించి, ఇక తాళవాద్యాల వంతైన తని ఆవర్తనం కానివ్వండని మృదంగ విద్వాంసుల వైపు చేయి చూపారు. చుట్టుపక్కల ఆ సాహిత్యం మాటమాటా అర్థమైనది బహుశా నాకే. అందరికంటే ముందు లేచిందీ నేనే. నా వెనుక మూడో వరుస మొత్తం లేచింది. ఘటం వాయించే కుర్రవాడు తల ఎత్తి మమ్మల్ని చూశాడు. ఆ చూపు ఇంకా గుర్తుంది. తమరి కీరై వడ (ఆకుకూర వడ) కూడా గుర్తుంది.

ఆకు కొసన ఒక చెంచా పాయసం. వడ్డన మనిషి బకెట్టుతో పరుగులు. రసం అన్నం గట్టు తెంచుకుని ఆకు అంచుకు వస్తుంటే అరచేయి అడ్డం పెట్టి ఆపాను. పది నిమిషాల క్రితం దాకా ఆ చేత్తోనే ఆది తాళం వేశాను. సాంబారు ఎప్పటిలాగే మహా సాధువు. నోట్లోకి వెళ్లిందో లేదో కూడా చెప్పదు. అందుకే జేబులోంచి మా ఆవిడ కట్టిచ్చిన కందిపొడి పొట్లం తీశాను. ఎదుటి పెద్దాయన చూశారు. ఆయనకు తెలుగు రాదు, నాకు తమిళం అంతంత మాత్రం. ఒక చెంచా ఆయన ఆకులో పెట్టాను. నెయ్యి కలిపి ముద్ద నోట పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. తోడి ఆలాపన అప్పుడు ఆయన నా ముందు వరుసలోనే ఉన్నారు. అప్పుడు మూయలేదు.

2017లో యునెస్కో చెన్నైని సంగీత నగరాల జాబితాలో చేర్చింది. తమరి పేరు ఎందుకు వేయలేదో మాకు అర్థం కాలేదు.

మా నెల్లూరు పద్ధతి వేరు. గుడిలో కచేరీ అయితే మంగళం పాడాకే పులిహోర. అందుకే మా శ్రోతలు తని ఆవర్తనానికి కదలరు, చివరిదాకా కదలరు. మమ్మల్ని మించిన రసజ్ఞులు లేరని పైఊళ్ల విద్వాంసులు పొగిడి వెళ్తుంటారు. పులిహోర సంగతి మేము వాళ్లకు చెప్పలేదు.

త్యాగయ్యగారి పూర్వీకులది మా పొరుగున ఉమ్మడి ప్రకాశం జిల్లా కాకర్ల. ఆయన తిరువయ్యారు వీధుల్లో ఉంఛవృత్తి చేశారు. పాడుతూ వెళ్తే గడప గడపనా ఇంత బియ్యం పెట్టేవారు. పాట ముందు, అన్నం తరువాత. ఆ వరుసను తిరగేసిన పాపం తమరిది కాదు లెండి. తమరు తలుపులు తీసి కూర్చున్నారు, అంతే.

కాబట్టి మనవి ఏమిటంటే, ఈసారి తని ఆవర్తనం జరిగే ఆ ఇరవై నిమిషాలు తలుపులు మూసి ఉంచండి. మృదంగం వాళ్లకు పుణ్యం. ఒకవేళ నిజంగానే మూసేటట్లయితే నెల ముందుగా కబురు పెట్టండి. టికెట్లు రద్దు చేసుకోవాలి.

ఇట్లు,
తమరి విధేయుడు,
41వ నంబరు టోకెను