కత్తికి పరీక్ష, పనసకాయకి గండం

శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవాడు ఎవడైనా దుప్పటి కొనుక్కుంటాడు. పర్లాకిమిడి అత్తవారింటికి వచ్చిన అల్లుడుగారు మాత్రం కత్తి కొన్నారు.

ఆన్‌లైన్‌లో తెప్పించిన సర్వైవల్ కత్తి. వీపున రంపం పళ్లు. పిడి చివర మూత, మూతకి దిక్సూచి, మూత విప్పితే బోలు పిడిలో అగ్గిపుల్లలు, గాలాలు, సూదీ దారం. దారి తప్పినవాడు చేపలు పట్టుకుంటూ, చిరిగిన చొక్కా కుట్టుకుంటూ కాలక్షేపం చెయ్యొచ్చన్నమాట. పక్కనే అంత ఉక్కుంటే దిక్సూచి ముల్లుకి ఉత్తరం మీద పెద్ద పట్టింపు ఉండదు, అది వేరే సంగతి. అసలు సంగతి ఆ బోలులో ఉంది. ఇన్ని సరుకులకి చోటిచ్చారంటే ఉక్కుకి చోటు తగ్గించారనే. గట్టి పని చేసే కత్తిలో ఉక్కు పిడి చివరిదాకా నడుస్తుంది. ఇందులో అంగుళం లోపలికి వెళ్లి, ఒక్క బోల్టు దగ్గర ఆగిపోయింది. అట్టపెట్టె మీద మాత్రం "మిలిటరీ గ్రేడ్" అని ఉంది. ఏ దేశపు మిలిటరీయో రాయలేదు.

దాన్ని పరీక్షించి వీడియో తీద్దామని, పోటీకి ఇంట్లో పనసపొట్టు కొట్టే కత్తిని దింపారు. పాతపట్నం కమ్మరి లారీ కమాను పట్టీ సాగగొట్టి చేసింది. (1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఇటు, పాతపట్నం అటు పడ్డాయిగానీ, కొలిమికి వెళ్లే కత్తులకి ఆ గీత ఎప్పుడూ అడ్డు రాలేదు.) ఇలాంటి కత్తికి పదును వైపే ఎర్రగా కాల్చి నూనెలో ముంచుతారు, వీపుని మెత్తగా వదిలేస్తారు. అయస్కాంతం అంటుకోనంత ఎరుపు వచ్చాకే ముంచాలి. తర్వాత గడ్డిరంగు తేలేదాకా మళ్లీ సన్నటి సెగ చూపాలి. ఆ రెండో సెగ ఎగ్గొడితే పదును పెళుసై, ముక్కలుగా ఊడుతుంది.

పరీక్ష మొదలవకముందే పక్కదారి పట్టింది. కొత్త కత్తికి ఫ్యాక్టరీ పదునుంది, పొట్టు కత్తి సంక్రాంతి తర్వాత సానరాయి మొహం చూడలేదు. అది చాలదన్నట్టు బామ్మర్ది ఇంటి పరువు కోసం బావ కత్తికి ముడి ఉన్న ఎండు చింతమొద్దు, తమ కత్తికి మునగ కొమ్మ వేశాడు. మునగ కొమ్మ మీదైతే అట్లకాడ కూడా పరశురాముడి గొడ్డలే.

రెండిటినీ ఒకే రాయి మీద, ఒకే కోణంలో నూరాక గానీ పోటీ అనకూడదు. కత్తి నిలబెడితే 90, సగం వాలిస్తే 45, అందులో సగం 22.5 డిగ్రీలు. ఒక్కో వైపు అంత చాలు. అంచుకి స్కెచ్ పెన్ను రాసి నూరితే, రాయి ఎక్కడ తగల్లేదో మిగిలిన సిరా చెప్పేస్తుంది. కర్ర ఒకే దుంగలోది, ఒకే లావుది, ముడి లేనిది కావాలి. కోసి చూసే తాడు కొత్త జనపనారది కావాలి. కొబ్బరితాడులో ఇసుకుంటే పదునుని తినేస్తుంది. వెదురూ తక్కువది కాదు, దాని పైతొక్కలో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, ఉంటుంది. కత్తుల పదునుకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8442-5 పరీక్షలో సిలికా కలిపిన అట్టనే కోయిస్తారు నిజమే, కానీ అక్కడ 5 శాతమని లెక్కుంది. మన తాడులో ఎంతుందో సముద్రానికే తెలియాలి.

పదును ఎంత పోయిందో గోరు మీద చూసి చెప్పడం కంటే వంటింటి డిజిటల్ తూకం నయం. తూకం మీద గిన్నె పెట్టి, అంచు నుంచి అంచుకి దారం బిగించి, అంకె సున్నా చేసుకోవాలి. కత్తిని దారం మీద తిన్నగా నొక్కాలి, రాపాడించకూడదు. తెగేముందు చూపిన గ్రాములు రాసుకుని, తాడుని 20 సార్లు కోసి, అదే ఉండలోని దారంతో మళ్లీ కొలవాలి. గ్రాములు ఎంత పెరిగితే పదును అంత చచ్చినట్టు. ఇందులో వీడియో తీయడానికేమీ ఉండదు కాబట్టి ఎవరూ చెయ్యరు.

అల్లుడుగారు సుత్తి ఎత్తారు.

"బావా, ఇనప సుత్తి వద్దేమో. కర్రతో కొట్టండి."

"అడవిలో సుత్తి దొరకదని నీకెవడు చెప్పాడ్రా?"

ఉక్కుని ఉక్కుతో కొడితే పెచ్చులు లేచి కంట్లో పడతాయి. కట్టె చీల్చాలంటే మణికట్టంత కర్రతో వీపు మీద కొట్టాలి. దుంగ అడ్డం కంటే కత్తి రెండంగుళాలైనా పొడుగుండాలి, కొట్టడానికి మొన అవతలికి రావాలి కదా. అమెరికాలో 1976లో పుట్టిన కత్తుల కమ్మరుల సంఘం కూడా కత్తిని దయతో చూడదు. వేలాడే అంగుళం తాడు ఒక్క వేటుకి తెగాలి, కలప చెక్కని రెండుసార్లు పూర్తిగా తెగేలా నరకాలి, ఆ తర్వాత కూడా అదే అంచు చేతి వెంట్రుకలు గొరగాలి. బెంచి వైసులో బిగించి 90 డిగ్రీలు వంచేది అన్నిటికన్నా చివర. ముందే వంచేస్తే మిగతావి దేంతో చేస్తారు?

గుమ్మం వెనక నుంచి అత్తగారు, అల్లుడితో నేరుగా అనలేక, కొడుకుతో అన్నారు: "ఒరే, అల్లుడుగార్ని ఒకపాలి ఆగమనరా. అది ఇరిగితే ఎటెల్తాదో సూసుకోమను. అరుగు మీద నా పనసకాయుంది."

మూడో దెబ్బకి విరిగింది. విరగాల్సిన చోటే విరిగింది. వెడల్పు కత్తి, పిడిలోకి వెళ్లే సన్నటి తోకగా మారే మూలని గుండ్రంగా తియ్యకుండా లంబకోణంలో కోసేశారు, దెబ్బ బలమంతా ఆ మూలకే చేరి పగులు పుట్టింది. మొన వైపు ముక్క ఎగిరి పనసకాయలో దిగబడింది, చుట్టూ పాలు కారాయి. చేతిలో బోలు పిడి మిగిలింది. మూత ఊడి అగ్గిపుల్లలు బురదలో, గాలాలు లుంగీలో పడ్డాయి.

"కాయ ఎలాగూ కోసీసారు కదా," అన్నారు అత్తగారు, ఈసారి కొంచెం గట్టిగా. "సేతులకి నూనె రాసుకుని పొట్టు కూడా కొట్టీమనరా."

గంటసేపు అల్లుడుగారు పాత కత్తితో చెక్క మొద్దు మీద టకటకా కొట్టారు. జిగురు అంటిన ప్రతిసారీ నూనెగుడ్డతో తుడిచారు. పదును వంగలేదు, పిడి కదల్లేదు. బామ్మర్ది ఫోను ఎప్పుడో ఛార్జింగుకి పెట్టేశాడు, కాబట్టి సరైన పరీక్ష జరిగిన ఆ ఒక్క గంటకీ వీడియో లేదు.

సాయంత్రం రిటర్న్ పెట్టారు. కారణాల్లో "సుత్తితో కొట్టాను" అన్నది లేదు. కాసేపు ఆలోచించి "రంగు నచ్చలేదు" మీద నొక్కారు. తర్వాతి ప్రశ్న, సరుకులన్నీ తిరిగి పెట్టారా అని. గాలం ఒకటి తక్కువైంది. అది ఇంకా లుంగీలోనే ఉంది, లాగితే లుంగీయే వస్తోంది.