మాత్ర సాగుతోంది, పరీక్ష ఆగిపోయింది

‘థైరాయిడ్ ఉంది, మాత్ర వేసుకుంటున్నాను’ అనే మాట మన ఇళ్లలో మామూలైపోయింది. ఆ మాట విన్నవాళ్లు అడగవలసిన ప్రశ్న మాత్రం ఎవరికీ తోచదు: చివరిసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష) ఎప్పుడు చూపించుకున్నారు, ఎంత వచ్చింది? ఎప్పటిదో పాత చీటీ చూపించి మందుల దుకాణంలో అదే సీసా, అదే మోతాదు తెచ్చుకునేవారు ఎందరో. ఈ అలక్ష్యం భారమంతా చడీచప్పుడు లేకుండా గుండె మీద పడుతోంది.

థైరాయిడ్ హార్మోను తగ్గితే రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను తీసివేసే శక్తి కాలేయానికి తగ్గుతుంది. రక్తనాళాలు బిగుసుకుని బీపీలో కింది అంకె పెరుగుతుంది, నాడి మందగిస్తుంది. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని స్టాటిన్ మందు మొదలుపెట్టే ముందు థైరాయిడ్ చూడమనేది ఇందుకే.

ఇదంతా కొంతవరకు తెలిసిన సంగతే. నన్ను ఎక్కువ కలవరపెట్టేది రెండో వైపు. తగ్గిన హార్మోనును భర్తీ చేసే ఈ మాత్ర మోతాదు మించితే గుండెకు నిద్రలోనూ విశ్రాంతి ఉండదు. దాని పై గదుల లయ చెదిరి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రావచ్చు. అక్కడ గడ్డకట్టిన నెత్తురు మెదడుకు చేరితే పక్షవాతం. టీఎస్‌హెచ్ అంకె బాగా తగ్గిందంటే హార్మోను ఎక్కువైందని, బాగా పెరిగిందంటే హార్మోను చాలడం లేదని అర్థం. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 60 ఏళ్లు దాటినవారిని పదేళ్లు గమనించి 1994లో ప్రచురించిన అధ్యయనంలో, టీఎస్‌హెచ్ 0.1 లేదా అంతకంటే తక్కువగా ఉన్నవారికి ఈ లయ దోషం ముప్పు మూడు రెట్లు కనిపించింది.

2022లో వచ్చిన మరో అధ్యయనం నేరుగా మాత్ర వేసుకునేవారి గురించే. అమెరికా మాజీ సైనికుల ఆరోగ్య వ్యవస్థలో థైరాయిడ్ చికిత్స పొందుతున్న 7,05,307 మంది వివరాలను అందులో పరిశీలించారు. టీఎస్‌హెచ్ సరైన పరిధిలో ఉన్నవారితో పోలిస్తే, 0.1 కంటే దిగినవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే ముప్పు 39 శాతం ఎక్కువ. 20 దాటినవారిలో 2.67 రెట్లు. ఆ అధ్యయనంలో ఉన్నవారిలో అత్యధికులు మగవారు, మన దగ్గర ఈ మాత్ర వాడేవారిలో ఎక్కువమంది ఆడవారు. కాబట్టి ఆ అంకెలను యథాతథంగా మనకు అన్వయించలేం. అయినా, చికిత్స తీసుకుంటున్నంత మాత్రాన గుండెకు రక్షణ దొరికినట్టు కాదని అవి గట్టిగానే చెబుతున్నాయి.

మోతాదు ఎలా మించుతుంది? గర్భిణికి సాధారణంగా మోతాదు పెంచుతారు. కాన్పు తర్వాత దాన్ని తగ్గించి, ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయాలి. పసిబిడ్డ పనుల్లో తల్లికి తన సంగతే గుర్తుండదు, గుర్తుచేసేవారూ ఉండరు. బరువు తగ్గినా, వయసు మీదపడినా హార్మోను అవసరం తగ్గుతుంది. సన్నబడాలని సొంతంగా ఒక మాత్ర ఎక్కువ వేసుకునేవారూ ఉన్నారు. ఇక పరగడుపున వేసుకోవలసిన మాత్రను కాఫీతోనో, కాల్షియం, ఐరన్ మాత్రలతో కలిపో వేసుకుంటే అది ఒంటికి సరిగా పట్టదు. అసలు కారణం అడగకుండా మోతాదు పెంచితే, ఆ అలవాటు మారిన రోజున ఆ పెంచిన మోతాదే ఎక్కువవుతుంది.

హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో 5,376 మందిని పరీక్షించి 2013లో ప్రచురించిన సర్వేలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ హార్మోను తక్కువ కావడం, కనిపించింది. ఇంతమందికి ఉన్న జబ్బును బీపీ, షుగర్‌లతో సమానంగా చూడకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి, నిలకడగా ఉన్నవారికి కనీసం ఏడాదికి ఒకసారి టీఎస్‌హెచ్ పరీక్ష జరగాలి. ఇంటింటికీ వెళ్లి బీపీ చూసే ఆరోగ్య కార్యకర్త పుస్తకంలో ఆ తేదీకి ఒక గడి ఉంటే చాలు. దడగా ఉందని అరవై దాటిన తల్లి చెబితే, వయసు వల్లేనని ఊరుకోకుండా ఆ వారమే ఈసీజీ, టీఎస్‌హెచ్ రెండూ చేయించండి. భయంతో మాత్ర మాత్రం సొంతంగా ఆపించవద్దు.